రెండు ముళ్లు

కామాక్షమ్మ అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: తన బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు పోయిన ఊపిరి ఏదో ఒకనాడు తిరిగి రాదేమోనని.

సముద్రమంటే ఆమెకు అంత భయం లేదు. పడవెక్కిన మొగుడు ముత్యాలయ్య చెప్పిన పొద్దుకు రాకపోయినా, రెండుసార్లు దిబ్బ మీదికి పోయి చూసి వచ్చి పొయ్యి రాజేస్తుంది. గాలివానకు ఇంటి కప్పు తాటాకులన్నీ లేచిపోయిన ఏడు కూడా ఇరుగుపొరుగుతో నవ్వుతూనే మాట్లాడింది. కానీ పదకొండు నెలల పేరమ్మ నోరు తెరిచి, ఏడుపు బయటికి రాక, పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగి, చేతుల్లో కర్రలాగా బిగుసుకుపోతే మాత్రం ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు.

అప్పటికి నాలుగుసార్లు అట్లా అయింది. నాలుగుసార్లూ ఊపిరి తెచ్చిపెట్టింది మస్తానమ్మే.

మస్తానమ్మ తాడిగుంటపాలెం మంత్రసాని. అల్లూరు దాటి, ఉప్పుటేరు దాటి, సముద్రం ఒడ్డున నలభై గడప ఉండే ఆ చేపలు పట్టే పట్టపువాళ్ల పాలెంలో ముప్పై ఏళ్లలోపు వాళ్లందరినీ భూమ్మీదికి దించింది ఆమె చేతులే. తనకు మాత్రం బిడ్డల్లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఎడమ చెవి తమ్మె కమ్మ బరువుకు చీలిపోయి రెండు పాయలుగా వేలాడుతుంటుంది. ఆమె వచ్చి పేరమ్మను పక్కకు తిప్పి పట్టుకుని, ముఖం మీద ఉఫ్ ఉఫ్‌మని మూడుసార్లు ఊది, తడిగుడ్డతో నుదురు తుడిచి, అరికాలు బొటనవేలితో రుద్దుతూ మాట్లాడుతుంది.

"రావే తల్లీ, రా. యాడికి పోతావే అప్పుడే? ఒక పన్నన్నా రాలా నీకు. పండ్లు లేని మొహంతో పోతే ఆడ ఎవరు రానిస్తారే?"

అంతే, బిడ్డ ఒక్కసారిగా గాలి పీల్చుకుని బేర్‌మంటుంది. కామాక్షమ్మ గోడకు చేరగిలబడి తానూ ఏడుస్తుంది.

"నేర్చుకోమే," అంటుంది మస్తానమ్మ. "దీంట్లో ఏముంది? నీ చేతులు వణుకుతాయి చూడు, అదీ చిక్కు. చెయ్యి వణికితే బిడ్డకు తెలిసిపోద్ది."

"నువ్వుండావు గదత్తా," అంటుంది కామాక్షమ్మ.

ఆ ఏడు ఎండాకాలంలో ఉప్పుటేరు అవతల, ఎండుచేపలు కొనే మదార్ ఇంట్లో పిల్లవాడికి అమ్మవారు పోసింది. గవర్నమెంటు వాళ్లు టీకాలు వేసే కాలమే అయినా పాలెంలో పాత కట్టు పాత కట్టే. తెలిసి అమ్మవారు పోసిన ఇంట్లో అడుగుపెట్టిన మంత్రసాని, ఒక నెల గడిచేదాకా పురిటింటి గడప తొక్కకూడదు. తొక్కితే దురాయి. అంటే పాలెం వాళ్లెవరూ ఆ మనిషితో మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, నిప్పు నీళ్లు ఇవ్వకూడదు. పొద్దుగూకే లోపల ఆ మనిషి పొలిమేర దాటిపోవాలి. ఆ తరువాత వెతుక్కుంటూ పోయినా, కబురు పంపినా, ఆ ఇంటికీ అదే గతి.

మస్తానమ్మ ఏరు దాటి మదార్ ఇంటి వైపు పోయిందన్నది అందరికీ తెలుసు. ఆరు రోజుల తరువాత పిచ్చమ్మ కోడలికి పురుడు పోసింది. పుట్టిన మగబిడ్డ తొమ్మిదో నాడు పోయాడు. వాడి ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. అయినా పిచ్చమ్మ తల బాదుకుంటూ పెద్దకాపు ఇంటి ముందు కూర్చుంది.

"నా మనవడి మీద ఆ తల్లి కన్ను పడిందో లేదో తేల్చండి. అది మదార్ ఇంటికి పొయ్యొచ్చి నా గడప తొక్కిందా లేదా? నాకు చెప్పండి!"

పాలెంలో తగువు తీర్చే పెద్దలను కాపులంటారు, ముగ్గురు. పెద్దకాపు చెంచురామయ్య, నడిమికాపు పద్మనాభయ్య, చిన్నకాపు హజరత్తయ్య. చెంచురామయ్య కామాక్షమ్మకు స్వయానా పెదనాయన. పద్మనాభయ్య మామగారు. హజరత్తయ్య ఏమీ కాడు గానీ, ఆయన ముక్కుసూటి మనిషని పాలెమంతా అంటుంది.

వాళ్లు తీర్పు చెప్పే పద్ధతి వేరే ఎక్కడా ఉండదేమో. వల నూలుతో పేనిన మూరెడు తాడు ఒకటి పెద్దకాపు చేతిలో ఉంటుంది. తప్పుందా లేదా అని ఎవర్నీ అడగరు. అట్లా అడిగితే మనుషుల ముఖాలు చూసి మాట చెబుతారని పూర్వీకుల అనుమానం. వల బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారు, కన్ను కన్నూ వేలు పెట్టి చూస్తేనే చిరుగు తెలుస్తుంది. అందుకని తగువును కూడా కన్నులుగా విడదీస్తారు. ఒక్కో కన్ను అడిగినప్పుడు, అవుననుకున్న కాపు తాడు మీద చెయ్యి వేస్తాడు. కారణం చెప్పకూడదు. ముగ్గురిలో రెండు చేతులు పడితే పెద్దకాపు ఒక ముడి వేస్తాడు. ఎన్ని కన్నులున్నాయో అన్ని ముళ్లూ పడితే దురాయి పడినట్టే, వేరే తీర్పు చెప్పే పనే లేదు. వేసిన ముడి విప్పరు. తగువు తేలేదాకా ఆ సంగతి ఒక కాపు ఇంకో కాపుతో ఎత్తకూడదు.

మస్తానమ్మ తగువులో కన్నులు రెండు. మదార్ ఇంట్లో అడుగు పెట్టిందా? అది అమ్మవారని ఆమెకు అప్పటికి తెలుసా?

తీర్పుకు రెండు రోజుల ముందు పద్మనాభయ్య అన్నం తింటూ తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు.

"మస్తానమ్మ తెలివిగల్ది. ఆ రోజు ఏటి కాడ నా కండ్లతో నేను చూసినా. కోక కట్టుకున్నది కట్టుకున్నట్టే మూడు మునకలు మునిగి పాలెంలోకొచ్చింది. తెలీకుండా ఎవరన్నా అట్ట మునుగుతారా? తెలుసు. తెలుసు గనకనే లోపలికి పోలేదు. అంత జాగ్రత్తగల్ది గడప తొక్కుద్దా? బయటనుంచే చూసి వచ్చుంటది."

"అయితే తప్పు లేనట్టే గదా మామా?" అంది కామాక్షమ్మ, మజ్జిగ పోస్తూ.

"ఏం తప్పు? పిచ్చమ్మ ఏడుపు పిచ్చమ్మది. ఆ పచ్చిమిరపకాయ ఇట్టియ్యి."

కామాక్షమ్మకు సగం ప్రాణం లేచివచ్చింది. మరునాడు పేరమ్మను చంకనేసుకుని పెదనాయన ఇంటికి పోయింది. చెంచురామయ్య పంచలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. బిడ్డ ముక్కు గిల్లి, ఆమె అడగకముందే మొదలుపెట్టాడు.

"మస్తాని కోసరం వచ్చినావా? దిగులుపడబాక. అది లోపలికి పోయిందిలే, నాకు తెలుసు. దాని ఇత్తడి గిన్నె మదార్ పెండ్లాం రషీదా తన ఇంటి గూట్లోనించి తీసి మన పడవ మీద పంపించింది. గిన్నె ఇంట్లో ఉందంటే మనిషి పోకుండానే పోయిందా? కానీ అప్పటికి పిల్లోడికి ఉత్త జరం. వేపరొట్ట గుమ్మానికి కట్టింది మర్నాడు. దానికేం తెలుసు పాపం? తెలిసుంటే పోతుందా అది? ఎంతమందికి పురుడు పోసిన చెయ్యి!"

"అయితే తప్పు లేనట్టే గదా పెదనాయనా?"

"తెలీకుండా చేసిందాన్ని తప్పంటారటే?"

కామాక్షమ్మ అల్లూరు బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఆరో తరగతి పుస్తకానికి అట్ట వేసుకున్న వారంలోనే పెళ్లి కుదిరి బడి మాన్పించారు. లెక్కల్లో ఎప్పుడూ తప్పు పోలేదు. ముగ్గురిలో ఇద్దరు తప్పు లేదంటున్నారు. ఇంటికి వస్తూ దారి పొడవునా ఆ లెక్కే మళ్లీ మళ్లీ చేసుకుంది. మూడింట్లో రెండు. ఎన్నిసార్లు చేసినా మూడింట్లో రెండే.

ఒక్క సంగతి మాత్రం ఆమె మనసులో కాస్త గుచ్చుకుంది. మామ అన్నదీ పెదనాయన అన్నదీ ఒకే మాట కాదు. ఒకరు పోలేదంటున్నారు, ఒకరు పోయిందంటున్నారు. పాలెంలో ఈ రెండు మాటలూ విన్న మనిషి తనొక్కతే. ఒకరి మాట ఇంకొకరి చెవిన వెయ్యడం కట్టు తప్పడం అవుతుంది. అయినా దారి ఏదైతేనేం, ఇద్దరూ చేరిన రేవు ఒకటే కదా అని సర్దుకుంది.

అదే ధైర్యంతో మస్తానమ్మ గుడిసెకు పోయింది.

మస్తానమ్మ వాకిట్లో ఆముదపు గింజలు ఎండబోస్తోంది. "నాకేం భయం లేదుమే," అంది. "కాపులు అడగకపోయినా నేనే లేచి చెప్తా. మదార్ ఇంటి కంచె కాడే నిలబడినా. రషీదా బయటికొచ్చి పిల్లోడి మొహం మీద పొక్కులు లేస్తా ఉండాయని చెప్పింది. కషాయం గిన్నె కంచె మీదనుంచే అందిచ్చినా. అది లోపలికి పట్టుకపోయింది. నేను గడప తొక్కలా."

అంటే మామ అనుకున్నదే నిజం. కామాక్షమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెప్పబాకత్తా! నీకు దణ్ణం పెడతా. నీకు తెలీదని పెదనాయన నమ్మతా ఉండాడు. పొక్కుల సంగతి రషీదా చెప్పిందని నువ్వంటే, అయితే తెలిసినా పోయిందే అని ఆయన ఎదురు తిరిగితే? ఇద్దరు నీ పక్కనుండారు. నేను చెవులారా విన్నా. నువ్వు నోరు తెరవకుండా కూచో. అంతే చాలు."

మస్తానమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "చదువుకున్నదానివి. లెక్క సరిగ్గా చూసినావా?"

"మూడింట్లో రెండత్తా. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ ఒట్టు వేసుకున్నందుకు ఆమె ఈ రోజుకూ నాలుక కరుచుకుంటుంది.

తీర్పు శుక్రవారం పొద్దున, పడవలు ఒడ్డుకు లాగాక, ఇసుకలో ఆరేసిన వలల పక్కన. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. మస్తానమ్మ మధ్యలో గొంతుక్కూర్చుంది. పిచ్చమ్మ ఎదురుగా కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ముత్యాలయ్య వేటకు పోయి ఇంకా రాలేదు. కామాక్షమ్మ పేరమ్మను ఒళ్లో పెట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. ఆమెకు ఆ పొద్దున దిగులే లేదు. పక్కనున్న ఆడవాళ్లతో మాట్లాడింది కూడా.

చెంచురామయ్య తాడు చాపాడు. "మస్తానీ, ఏమన్నా చెప్పుకుంటావా?"

మస్తానమ్మ కామాక్షమ్మ వైపు చూసింది. కామాక్షమ్మ కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏం లేదయ్యా," అంది మస్తానమ్మ.

"మొదటి కన్ను. మదార్ ఇంట్లో అడుగు పెట్టిందా?"

హజరత్తయ్య చెయ్యి పడింది. చెంచురామయ్య తన చెయ్యి కూడా వేశాడు. పద్మనాభయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

పెద్దకాపు ఒక ముడి వేశాడు.

ఆడవాళ్లలో గుసగుస లేచింది. కామాక్షమ్మ కదల్లేదు. ఇది అనుకున్నదే. పెదనాయన ఇక్కడ చెయ్యి వేస్తాడని ఆమెకు తెలుసు. రెండో దాంట్లో వెయ్యడు.

"రెండో కన్ను. అది అమ్మవారని అప్పటికి తెలుసా?"

హజరత్తయ్య చెయ్యి పడింది. చెంచురామయ్య వెయ్యలేదు. కామాక్షమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ గాలి ఇంకా వదలనేలేదు, పద్మనాభయ్య చెయ్యి లేచి, నెమ్మదిగా వచ్చి, తాడు మీద ఆనింది.

మామ చెయ్యి. పచ్చిమిరపకాయ ఇవ్వమని చాచిన చెయ్యి.

చెంచురామయ్య రెండో ముడి వెయ్యబోయి ఆగాడు. రెండు చేతుల వైపూ చూశాడు. తాడు వైపు చూశాడు. అలవాటైన వేళ్లు వాటంతట అవే తిరిగి ముడి బిగించేశాయి.

ఎండిన వల కింద ఒక పీత గీరుకుంటున్న చప్పుడు వినిపించింది. రెండు ముళ్ల తాడు పెద్దకాపు చేతిలో వేలాడుతోంది. ఆయన దాన్ని, అది ఎవరో తెచ్చి తన చేతిలో పెట్టినట్టు చూస్తున్నాడు.

"దురాయి," అన్నాడు హజరత్తయ్య, పెద్దకాపు అనకపోయేసరికి.

మొట్టమొదట నోరు తెరిచింది పిచ్చమ్మ. "అదేందయ్యా! పాలెం దాటి పొమ్మని నేనడిగినానా? నా ఎదట నిలబడి ఒక్క మాట చెప్పమన్నా గానీ... రేపు నా కోడలు మళ్లీ నీళ్లోసుకుంటే పురుడెవరు పోస్తారు? మీరు పోస్తారా?"

ఎవరూ నవ్వలేదు.

కామాక్షమ్మ లేచి నిలబడింది. కోడలు మనిషి, ఇరవై దాటనిది, కాపుల ముందు లేచి నిలబడడం ఆ పాలెంలో ఎవరూ చూడలేదు. ఆమెకు ఆ సంగతి గుర్తే లేదు.

"మామా, మీరు తప్పు లేదన్నారు గదా? నాతో అన్నారు గదా? పెదనాయనా, నువ్వూ అన్నావు!"

"కూర్చోమే," అన్నాడు పద్మనాభయ్య. కానీ ఆయన గొంతులో కోపం లేదు. రంగు పోయిన ముఖంతో చెంచురామయ్య వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు లోపలికి పోయిందన్నావా? పోలేదు గదన్నా! తెలుసు గనకనే పోలేదు. మునిగి వచ్చింది, నేను చూసినా!"

"మునిగిందా? నాకెవరు చెప్పినారు? గిన్నె లోపలుంది. పోయింది, కానీ తెలీక పోయింది. తెలుసని నువ్వెందుకు చెయ్యేసినావు?"

"తప్పు లేదనే వేసినా!"

"నేనూ తప్పు లేదనే వేసినా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. పాతికేళ్లుగా ఒకే పడవ లాగిన మనుషులు. ఒకరు మొదటి ముడికి చెయ్యి ఇచ్చారు, ఒకరు రెండో ముడికి ఇచ్చారు. రెంటికీ ఇచ్చింది హజరత్తయ్య ఒక్కడే.

"నన్ను చూస్తారేంది?" అన్నాడు హజరత్తయ్య. "గిన్నె సంగతి నేనూ విన్నా, మునకల సంగతీ విన్నా. మీరు చెరో సగం నమ్మినారు. నేను రెండూ నమ్మినా. మీ ఇద్దరూ ఒకే సగం నమ్మకపోతే నేనేం చేసేది?"

"అయితే ఒక్కసారి సూటిగా అడగండి," అంది కామాక్షమ్మ. "తప్పుందన్నవాళ్లు చెయ్యెత్తండి. ఎన్ని లేస్తాయో చూడండి. ఒక్కటే! ఒక్కటే గదా!"

చెయ్యెత్తమన్న మాటకు హజరత్తయ్య చెయ్యి సగం లేచి దిగిపోయింది. జనంలో ఎవరో ముసలావిడ "ఓరి దేవుడా" అంది.

"అత్తా, చెప్పు! ఇప్పుడన్నా చెప్పు! కంచె మీదనుంచే గిన్నె ఇచ్చినానని చెప్పు!"

చెంచురామయ్య తల ఒక్క విసురుగా ఎత్తాడు. "కంచె మీదనుంచా? రషీదా తీసకపోయి లోపల పెట్టిందా?" చేతిలో తాడు పైకెత్తి చూపించాడు. "ఆ మాట ముందే చెప్పుంటే మొదటి ముడి పడదే. నా చెయ్యి పడదే! ఎందుకు చెప్పలేదు మస్తానీ? అడిగితిని గదా!"

మస్తానమ్మ కామాక్షమ్మ వైపు చూడలేదు. ఎవరు మాన్పించారో పాలేనికి తెలియకూడదని ఆమె ఇసుక వైపే చూస్తూ ఉండిపోయింది.

"విప్పు పెదనాయనా," అంది కామాక్షమ్మ. "నీ చేత్తో వేసినావు. నీ చేత్తోనే విప్పు."

ఆయన తాడు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేలి గోరు ముడి మీద పెట్టాడు కూడా. పాలెమంతా ఆ గోరు వైపే చూసింది. తరువాత చేతులు దించేశాడు.

"పాత ముళ్లన్నీ నా చేతివేనమ్మా. ఈ ముడి విప్పితే ఆ ముళ్లు కూడా విప్పమని వస్తారు. ఎవరి వల హద్దు యాడిదాకానో, ఎవరి రేవు ఎవరిదో, అన్నీ ముళ్ల మీదే నిలబడుండాయి. అన్నీ విప్పితే పాలెం మిగలదు." పిల్లవాడిలా ముక్కు తుడుచుకున్నాడు. "నేను దురాయి అనలేదు. మీ మామా అనలేదు. అయినా దురాయి ఎట్ట పడిందో నాకు తెలీడం లేదు."

అప్పుడు పేరమ్మ ఏడ్చింది.

తల్లి కేకలకు జడుసుకుందో, ఎండకో. ఒక్క అరుపు అరిచి, రెండో అరుపుకు నోరు తెరిచింది. అరుపు రాలేదు. నోరు అట్లాగే ఉండిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"అత్తా!" అంది కామాక్షమ్మ.

మస్తానమ్మ ఒక్క ఉదుటున లేచింది. రెండు అడుగులు వేసింది. మూడో అడుగు ఆపేసింది. ఆమె చెయ్యి బిడ్డకు తగిలితే ఆ ఇంటికీ దురాయే. బారెడు దూరంలో నిలబడి, చాచిన చేతులు తిరిగి తన ఒంటికే చుట్టుకుంది. కామాక్షమ్మ మోకాళ్ల మీద కూలబడి, ఏమైనా కానీ, ముట్టుకో అన్నట్టు బిడ్డను పైకెత్తి ఆమె ముందు చాపింది. పద్మనాభయ్య లేచి నిలబడ్డాడు గానీ ఏం చెయ్యాలో తెలియలేదు.

మస్తానమ్మ పక్కకు తిరిగింది. ఇసుకలో ఆరేసిన వల వైపు తిరిగి, దాంతో మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఒసే వలా, నీతోనే చెప్తా ఉండా. మనుషులతో కాదు. బిడ్డను పక్కకు తిప్పాల. తల కిందికి. అట్ట ఎత్తి పట్టుకుంటే ఎట్టనే? ఆఁ, అట్ట. మొహం మీద ఊదాల. ఒకటి. గట్టిగా ఊదవే, అన్నం చల్లార్చుకుంటా ఉండావా? రెండు. మూడు. కొంగు తడి చెయ్యాల. కుండ నీళ్లు పక్కనే ఉండాయి గదే, కండ్లు లేవటే నీకు? ఒళ్లంతా కండ్లే గదా! నుదురు తుడవాల. అరికాలు రుద్దాల, బొటనవేలితో. చెయ్యి వణకనియ్యబాక. వణికితే దానికి తెలిసిపోద్ది."

కామాక్షమ్మ ఊదింది. తుడిచింది. రుద్దింది. ఆమె చేతులు వణకలేదు. ఎందుకు వణకలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"రావే తల్లీ," అంది మస్తానమ్మ వలతో. "పన్నన్నా రాలేదే నీకు."

పేరమ్మ ఊపిరి లాగింది. బేర్‌మంది. ఆ ఏడుపు వినగానే పాలెం పాలెమంతా, తాము అంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నామని అప్పుడే తెలిసినట్టు కదిలింది. కాపులు ముగ్గురూ సముద్రం వైపు చూస్తున్నారు. ఏమీ వినలేదన్నట్టు. వినలేదని అనుకోవడానికే అట్లా చూస్తున్నారని అందరికీ తెలుసు.

మధ్యాహ్నానికి మస్తానమ్మ మూట కట్టుకుంది. ఆముదపు గింజలు వాకిట్లోనే వదిలేసింది. పిచ్చమ్మ ఆమె పోయే దారిలో, ఎవరికీ ఇవ్వనట్టుగా, ఇసుక మీద ఒక సద్దిమూట పెట్టి వెనక్కు తిరిగి నిలబడింది. మస్తానమ్మ దాన్ని, దారిలో దొరికినట్టుగా తీసుకుంది. తడి ఇసుక మీద దక్షిణం వైపు నడిచిపోయింది. అలలు వచ్చి ఆమె అడుగుజాడలు కడిగేస్తుంటే కామాక్షమ్మ దిబ్బ మీదనుంచి చూసింది.

ఆ సాయంత్రం ఆమె గవ్వలు ఏరుకొచ్చి వాకిట్లో మూడు వరసలు పేర్చింది. పెదనాయన వరసలో మొదటి ముడి చోట ఒక గవ్వ, మామ వరసలో రెండో ముడి చోట ఒక గవ్వ, హజరత్తయ్య వరసలో రెండు గవ్వలు. అడ్డంగా చూస్తే ఇద్దరు మస్తానమ్మను వదిలేశారు. నిలువుగా చూస్తే రెండు ముళ్లు పడ్డాయి. అవే గవ్వలు. అడ్డం లెక్క ఒక్కటే తను చేసింది. నిలువు లెక్క ఉందని ఎవరూ నేర్పలేదు. ఆరో తరగతిలో ఉండేదేమో.

వేట నుంచి వచ్చిన ముత్యాలయ్య సంగతంతా విని, ఆ గవ్వల వైపు చూసి, "మనిషిని ఎవరూ పంపకుండానే పంపించేసినారు గదే," అన్నాడు.

చెంచురామయ్య ఆ తరువాత తాడు ముట్టుకోలేదు. అది ఆయన ఇంటి చూరుకు రెండు ముళ్లతో అట్లాగే వేలాడుతోంది. పద్మనాభయ్య కోడలితో మాట్లాడుతున్నాడు గానీ పచ్చిమిరపకాయ తనే లేచి తెచ్చుకుంటున్నాడు. పేరమ్మ ఇంకో రెండుసార్లు గుక్కపట్టింది. రెండుసార్లూ కామాక్షమ్మే ఊదింది. భయం మాత్రం పోలేదు. ఇప్పుడు ఆ భయం పక్కన, మస్తానమ్మ ఏమైపోయిందోనని ఇంకో భయం వచ్చి కూర్చుంది.

ఉప్పు బండ్లవాళ్లు ఒకసారి అనుకుంటుండగా చెవిన పడింది, సూళ్లూరుపేట రైలు స్టేషను అవతల, పులికాటు వైపు పోయే బాట మొదట్లో, ఎవరో ముసలి మంత్రసాని చింతచెట్టు కింద పరదాతో గుడారం కట్టుకుని ఉంటోందని. ఎడమ చెవి చీలి ఉందా అని కామాక్షమ్మకు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే తన బిడ్డకు కూడా నిప్పు నీళ్లు ఉండవు.

మీకు ఆ కట్టు లేదు. రెండు ముళ్లూ పాలెం వాళ్లకే గానీ ఇది చదివేవాళ్లకు కావు. అందుకని, మీలో ఎవరైనా సూళ్లూరుపేటలో రైలు దిగితే, ఆ బాట మొదటిదాకా ఒక్కసారి పోయి చూడండి. ఎడమ చెవి తమ్మె రెండు పాయలుగా ఉంటుంది, పేరు మస్తానమ్మ. తిన్నదో లేదో, ఒంట్లో ఎట్లా ఉందో కనుక్కోండి. ఎవరు పంపారని అడిగితే చెప్పవద్దు. పేరమ్మకు నాలుగు పండ్లు వచ్చాయని మాత్రం, ఆమెకు వినపడేటట్టు, పక్కనున్న చెట్టుతో చెప్పండి.